ఏడు ఫోన్లు, ఒక చంద్రగ్రహణం

స్నేహితుల విందుతో మొదలై, ఆ విందు ముగిసేలోగా అందరి గుట్టూ రట్టయ్యే కథలు ప్రపంచ సినిమాకు కొత్త కాకపోయినా, దేశదేశాలు తిరిగి, వెళ్లిన చోటల్లా అక్కడి భాషనూ అక్కడి భయాలనూ తొడుక్కున్న కథ గత పదేళ్లలో ప్రధానంగా ఒక్కటే కనిపిస్తుంది. పావొలో జెనొవేసె దర్శకత్వంలో 2016 ఫిబ్రవరిలో ఇటలీలో విడుదలైన ఆ చిత్రం పేరు ‘పెర్ఫెత్తి స్కొనొషూతి’. తెలుగులో చెప్పుకుంటే ‘అచ్చమైన అపరిచితులు’. ఇటలీ సినీరంగం అత్యున్నత గౌరవంగా భావించే దవీద్ ది దొనతెల్లో పురస్కారాల్లో ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా, ఉత్తమ స్క్రీన్‌ప్లేగా నిలిచిన ఈ సినిమా, 2019 నాటికే పద్దెనిమిది పునర్నిర్మాణాలతో ప్రపంచంలో అత్యధికసార్లు మళ్లీ తీసిన చిత్రంగా గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ తర్వాత ఆ సంఖ్య ఇరవై దాటింది.

ఈ వ్యాప్తికి సెల్‌ఫోన్ అన్ని దేశాల్లోనూ ఉండటమే కారణమని సరిపెట్టుకోవచ్చు గానీ, అది సగం జవాబే. తెలుగులో ‘గుట్టు’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి: ‘గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు’ అన్నప్పుడు అది మర్యాద, ‘గుట్టు రట్టయింది’ అన్నప్పుడు అది దోషం. దాచుకోవడం ఎక్కడిదాకా మర్యాద, ఎక్కడినుంచి మోసం అనే గీతను ప్రతి సమాజమూ తనకు తోచినచోట గీసుకుంటుంది. జెనొవేసె చిత్రం ఆ గీతను చెరిపేసే ఒక ఆటను కల్పించి, దాచిన ప్రతిదాన్నీ ఒకే తూకపురాయితో తూచడం వల్ల జరిగే అనర్థాన్ని చూపిస్తుంది. బయటపడిన రహస్యాలన్నీ ఒకే జాతివి కావన్నది ఆ కథ లోపలి మాట. ఆ తేడాను పాత్రలు గుర్తించలేకపోవడం విషాదం, ప్రేక్షకుడు గుర్తించేలా చేయడం కళ.

స్పర్శ

కథాకాలం ఒక్క రాత్రి; కథాస్థలం రోమ్ నగరంలో ఒక దంపతుల ఇల్లు; సందర్భం చంద్రగ్రహణం. ప్లాస్టిక్ సర్జన్ రొక్కో, మానసిక చికిత్సకురాలైన అతని భార్య ఏవా తమ చిరకాల మిత్రులను భోజనానికి పిలుస్తారు. పెళ్లై ఇద్దరు పిల్లలున్న లేలె, కార్లొత్త. కొత్తగా పెళ్లయిన టాక్సీ డ్రైవర్ కొజిమొ, పశువైద్యురాలు బియాంక. విడాకులు తీసుకున్న ఉపాధ్యాయుడు పెప్పె. కొత్త స్నేహితురాలిని పరిచయం చేస్తానన్న పెప్పె, ఆమెకు జ్వరమని చెప్పి ఒంటరిగా వస్తాడు. మాటల్లో మాటగా ఏవా ఒక ఆట ప్రతిపాదిస్తుంది: అందరూ ఫోన్లు బల్లమీద పెట్టాలి, వచ్చిన ప్రతి సందేశాన్నీ పైకి చదవాలి, ప్రతి కాల్‌నూ స్పీకర్‌లో అందరికీ వినిపించాలి. దాచడానికేమీ లేనివాళ్లకు భయమెందుకన్నది ఆ ఆట వెనకున్న వాదన.

గ్రహణం రాత్రి విందు అన్న ఊహే తెలుగు ప్రేక్షకుడికి కాస్త కలవరం కలిగిస్తుంది. గ్రహణం పట్టకముందే భోజనం ముగించి, మిగిలిన పదార్థాలపై దర్భలు వేసి, విడుపు స్నానం చేసేదాకా ఏమీ ముట్టని ఆచారం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది. రోమ్‌లోని ఆ మిత్రబృందానికి ఇలాంటి పట్టింపులేవీ లేవు. చంద్రుడిని చూడటానికి వాళ్లు బాల్కనీలోకి వెళ్లివస్తూ తింటూనే ఉంటారు. అయినా పంచాంగంలో సంపూర్ణ గ్రహణానికి చెప్పే అయిదు దశలు ఈ కథ నడకకు ఆశ్చర్యకరంగా సరిపోతాయి: నీడ తొలిసారి తాకే స్పర్శ, బింబం పూర్తిగా మునిగే నిమీలనం, నడిమి ఘడియ అయిన మధ్యం, వెలుగు మళ్లీ తొంగిచూసే ఉన్మీలనం, నీడ పూర్తిగా వదిలే మోక్షం. ఆట మొదలైనప్పుడు నీడ తాకడం మాత్రమే కనిపిస్తుంది. తొలి సందేశాలు నవ్వులతో గడిచిపోతాయి.

ఒకే గదిలో, ఒకే రాత్రిలో, ఒకే పనిచుట్టూ కథ నడిపే ఈ పద్ధతికి నాటకశాస్త్రంలో ‘త్రివిధ ఐక్యత’ అని పేరు. కాలం, స్థలం, కార్యం మూడూ చెదరకుండా ఉండాలనే ఈ నియమాన్ని అరిస్టాటిల్‌కు ఆపాదించడం పరిపాటి అయినా, ఆయన గట్టిగా చెప్పింది కార్య ఐక్యతను గురించే. స్థల ఐక్యతను చేర్చి మూడింటినీ సూత్రంగా బిగించినవాడు 1570లో అరిస్టాటిల్‌కు వ్యాఖ్య రాసిన ఇటలీ పండితుడు లొదొవీకొ కాస్తెల్‌వేత్రొ. ఆ పాత నియమంలోని ఇబ్బంది ఏమిటంటే, గది దాటని కథలోకి బయటి లోకాన్ని తీసుకురావడానికి ఒక వార్తాహరుడో ఉత్తరమో కావాలి. జెనొవేసె, ఆయనతో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన నలుగురు రచయితలు ఆ పనిని ఫోన్లకు అప్పగించారు. ఏడుగురు మనుషుల ముందు ఏడు ఫోన్లు. ఏది ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి, కత్తీ తుపాకీ లేని ఆ భోజనాల బల్ల దగ్గర ప్రతి చిన్న వణుకూ ఉత్కంఠగా మారుతుంది.

నిమీలనం

కథను కేవలం బయటపడిన రహస్యాల జాబితాగా మిగలనీయకుండా కాపాడింది నడుమ వచ్చే ఒక మార్పిడి. రాత్రి పదింటికి ఒక స్త్రీ తనకు రోజూ ఫొటో పంపుతుందని తెలిసిన లేలె, తన ఫోనూ పెప్పె ఫోనూ ఒకే రకానివి కావడంతో, బాల్కనీలో అతన్ని బతిమాలి ఫోన్లు మార్చుకుంటాడు. అనుకున్నట్టే ఫొటో వస్తుంది, అది పెప్పెది అనుకుని అందరూ నవ్వుతారు, గండం గడిచినట్టే ఉంటుంది. అంతలో లేలె ముందున్న పెప్పె ఫోన్‌కు లూచియొ అనే పురుషుడినుంచి ప్రేమ నిండిన సందేశాలు మొదలవుతాయి. పెప్పె స్వలింగ ప్రేమికుడు. అతను పరిచయం చేస్తానన్న ‘స్నేహితురాలు’ నిజానికి లూచియొ. నిజం చెబితే తన గుట్టుతోపాటు పెప్పె గుట్టూ పోతుంది, చెప్పకపోతే ఆ సందేశాల భారం తన నెత్తిన పడుతుంది. లేలె చెప్పకుండా ఉండిపోతాడు.

నాటక పరిభాషలో పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండటాన్ని ‘నాటకీయ వ్యంగ్యం’ అంటారు. సాధారణంగా హాస్యానికో భయానికో ఉపయోగపడే ఈ ఉపకరణం ఇక్కడ ఒక నైతిక పరీక్షగా మారుతుంది. చిన్ననాటినుంచి ఎరిగిన లేలెను స్వలింగ ప్రేమికుడని నమ్మిన క్షణంలో మిత్రుల చూపు మారిపోతుంది. హేళన, అసహ్యం, ఇన్నాళ్లూ తమను మోసగించాడన్న కోపం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ మాటలన్నీ తగులుతున్నది లేలెకు కాదు, రెండు కుర్చీల అవతల మౌనంగా కూర్చున్న పెప్పెకు. తాను నిజం చెప్పి ఉంటే ఏం జరిగేదో అతను తన కళ్లతోనే చూస్తున్నాడు. ఇన్నేళ్లు అతను ఎందుకు దాచాడన్న ప్రశ్నకు సినిమా సంభాషణతో జవాబివ్వదు, ఆ దృశ్యంతో ఇస్తుంది.

ఇదే దశలో ఇంకో చిన్న సంగతి బయటపడుతుంది. మిత్రులు పెప్పెను పిలవకుండా ఫుట్‌బాల్ ఆట ఏర్పాటు చేసుకున్నారని తెలుస్తుంది. అక్రమ సంబంధాలతో పోలిస్తే ఇది గడ్డిపోచ లాంటిదే అయినా, ఒంటరివాడిని బృందం ఏ స్థానంలో ఉంచిందో దీనికన్నా సూటిగా చెప్పేది సినిమాలో మరొకటి లేదు.

మధ్యం

సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు కనిపించకుండా పోడు. భూమి నీడలో ఉన్నా, భూవాతావరణంలో వంగి ప్రసరించిన సూర్యకాంతిలోని ఎరుపు అతనికి అందుతూ ఉండటం వల్ల రాగిరంగులో కనిపిస్తాడు. బల్లచుట్టూ ఉన్న మనుషులు కూడా మధ్య ఘడియలో అలాగే కనిపిస్తారు; వాళ్లు మాయం కారు, రంగు మారతారు. ఆ రంగుల్లో తేడాలను విడదీసి చూస్తే కథలోని రహస్యాలు కనీసం మూడు రకాలుగా తేలతాయి.

మొదటిది ఎదుటివారికి హాని చేసే రహస్యం. కొజిమొకు తన కార్యాలయంలోని స్త్రీతో ఉన్న సంబంధం, ఆమె గర్భవతి కావడం, అంతకుమించి ఆ ఇంటి ఇల్లాలితోనే అతనికున్న లంకె ఈ కోవకు చెందుతాయి. తాము బిడ్డను కంటామని ఆశపడుతున్న బియాంక జీవితం ఆ అబద్ధం మీదే కట్టి ఉంది. రెండోది లోపలి బలహీనతను కప్పుకునే రహస్యం. ప్లాస్టిక్ సర్జన్ భార్య అయిన ఏవా తన శస్త్రచికిత్సకు వేరే వైద్యుడిని సంప్రదించడం, మానసిక చికిత్సకురాలి భర్త అయిన రొక్కో ఆమెకు తెలియకుండా వేరే చికిత్సకుడి దగ్గరకు వెళ్లడం ఒకే నాణేనికి రెండు పక్కలు. ఇద్దరూ తమ జీవిత భాగస్వామి వృత్తినే నమ్మలేకపోయారు, కానీ రొక్కో దాచింది సంసారాన్ని నిలబెట్టుకునే ప్రయత్నాన్నే. మూడోది పెప్పె దాచింది. అందులో తప్పూ లేదు, బలహీనతా లేదు. చుట్టూ ఉన్నవాళ్ల బలహీనతనుంచి తనను తాను కాపాడుకోవడం మాత్రమే ఉంది.

ఆట ఈ మూడింటినీ ఒకటిగా చూస్తుంది. బల్లమీద ఫోన్ మోగినప్పుడు అది ఏ రకం రహస్యమని ఎవరూ అడగరు. దాచావా లేదా అన్నదొక్కటే ప్రశ్న. నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1884 నాటి ‘అడవి బాతు’ నాటకంలో, అబద్ధం మీద ప్రశాంతంగా సాగుతున్న ఒక కుటుంబానికి నిజం చెప్పి తీరాలన్న ఆదర్శవాది పట్టుదల చివరికి ఒక పసిప్రాణాన్ని బలిగొంటుంది. నిజం ఎంత గొప్పదైనా, దాన్ని భరించే చోటు చూడకుండా పడేస్తే అది హింస అవుతుందన్న ఆ ఆలోచనకు జెనొవేసె చిత్రం వారసురాలు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గెయోర్గ్ జిమ్మెల్ 1906లో ప్రచురించిన వ్యాసంలో ఇంకో అడుగు ముందుకేసి, మనుషుల మధ్య సంబంధాలు ఒకరి గురించి ఒకరికి తెలిసినదానిమీద ఎంత ఆధారపడతాయో, తెలియకుండా వదిలేసినదానిమీద కూడా అంతే ఆధారపడతాయని వివరించాడు.

తెలుగు నాటకంలో గుట్టు రట్టయ్యే ఘట్టాలకు ‘కన్యాశుల్కం’ చివరి రంగం ప్రసిద్ధ ఉదాహరణ. సౌజన్యారావు పంతులు ఎదుట మధురవాణి ద్వారా గిరీశం అసలు రూపం బయటపడుతుంది. అక్కడ వినేవాడికి న్యాయం చెప్పే అర్హత ఉంది, చెప్పిన నిజానికి ఒక ప్రయోజనం ఉంది. రోమ్ విందులో సౌజన్యారావు పంతులు లేడు. తీర్పు చెప్పేవాళ్లంతా తమ వంతు ఫోన్ మోగుతుందేమోనని లోలోపల వణుకుతున్నవాళ్లే కావడంతో, ప్రతి తీర్పూ ఎదుటివాడిమీద కోపం కన్నా తనమీద అనుమానం పడకుండా చూసుకునే ఎత్తుగడగా మిగిలిపోతుంది.

ఉన్మీలనం

ఈ కథను తమదిగా చేసుకున్న దేశాలు దానికి పెట్టుకున్న పేర్లే ఎవరికి ఏది ముఖ్యంగా తోచిందో చెబుతాయి. ఫ్రాన్స్‌లో 2018లో ఫ్రెడ్ కవాయె తీసిన చిత్రం పేరుకు ‘ఆట’ అని అర్థం. అదే ఏడాది తుర్కియెలో సెర్రా యిల్మాజ్ దర్శకత్వంలో వచ్చినదానికి ‘నా జేబులోని అపరిచితుడు’, 2019లో జర్మనీలో వచ్చినదానికి ‘పరిపూర్ణ రహస్యం’, 2020లో వియత్నాంలో వచ్చినదానికి ‘రక్తచంద్రుడి విందు’ అని అర్థం వచ్చే పేర్లు పెట్టారు. హంగరీ దర్శకురాలు క్రిస్టినా గోదా గ్రహణానికి బదులు నూతన సంవత్సర వేడుకను ఎంచుకుని, శుభాకాంక్షల పొడి అక్షరాలనే పేరుగా పెట్టింది. స్పెయిన్‌లో ఆలెక్స్ దె లా ఇగ్లేసియా 2017లోనే దీన్ని భారీ విజయంగా మలిచాడు. దక్షిణ కొరియాలో 2018లో, జర్మనీలో 2019లో ఈ కథను చూడటానికి చెరో యాభై లక్షలమందికి పైగా థియేటర్లకు వచ్చారు.

అన్నిటికన్నా పెద్ద దుమారం రేగింది 2022 జనవరిలో. నెట్‌ఫ్లిక్స్ తన తొలి అరబ్బీ చిత్రంగా ‘అస్‌హాబ్ వలా అఅజ్’ను విడుదల చేసినప్పుడు, అందులో నటించిన ఈజిప్టు తార మోనా జకీ మీద స్వదేశంలో తీవ్ర విమర్శలు వచ్చాయి. పెళ్లైన స్త్రీ పాత్ర విందుకు బయల్దేరేముందు లోదుస్తు తీసేసే చిన్న సన్నివేశం, స్వలింగ ప్రేమికుడి పాత్రను సానుభూతితో చూపడం విమర్శకులకు కంటగింపయ్యాయి. ఒక పార్లమెంటు సభ్యుడు అభ్యంతరం లేవనెత్తగా, ఈజిప్టు నటుల సంఘం నటికి అండగా నిలిచింది. మూలకథలోని భర్తల అక్రమ సంబంధాలు ఆ స్థాయి కోపానికి గురికాకపోవడం గమనించదగినది. ఏ రహస్యం బయటపడితే ఏ సమాజం ఉలిక్కిపడుతుందో కొలిచే పరికరంగా ఈ సినిమా పనిచేస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

భారతదేశానికి ఈ ఊహ రెండు దారుల్లో వచ్చింది. అక్షయ్ కుమార్, తాప్సీ, తెలుగువారికి ‘కంచె’, ‘అఖండ’ చిత్రాలతో పరిచితురాలైన ప్రగ్యా జైస్వాల్ నటించిన హిందీ చిత్రం ‘ఖేల్ ఖేల్ మే’ 2024 ఆగస్టు 15న విడుదలైంది. ముదస్సర్ అజీజ్ ఈ కథను పెళ్లివేడుకల మధ్యకు తీసుకొచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే, వెంకటేశ్ నటించిన తెలుగు ‘దృశ్యం 2’కు దర్శకత్వం వహించిన జీతు జోసెఫ్, మోహన్‌లాల్ ప్రధాన పాత్రలో మలయాళంలో ‘ట్వెల్త్ మ్యాన్’ తీశాడు. అది పునర్నిర్మాణం కాదు. రిసార్టులో చేరిన మిత్రులు ఫోన్ల ఆట మొదలుపెట్టడం దాకా పోలిక ఉన్నా, ఆపైన ఒక మరణం, దర్యాప్తు కథను నడిపిస్తాయి. ఈ మార్పుతో నిజాన్ని వెలికితీసే అధికారం స్నేహితుల చేతుల్లోంచి పరిశోధకుడి చేతుల్లోకి వెళుతుంది; ఎవరి తప్పు ఎంతన్నది తేల్చడానికి ఒకరున్నారన్న ఊరట ప్రేక్షకుడికి దొరుకుతుంది. ఇటలీ మాతృక ఆ ఊరటను కావాలనే నిరాకరించింది.

ఆటలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకునే ఆడారు కదా అన్న వాదన ఒకటి మిగులుతుంది. అయితే కాదన్నవాడిమీద వెంటనే అనుమానం పడే చోట ఒప్పుకోలును స్వేచ్ఛగా ఇచ్చినదిగా లెక్కించలేము. అదీగాక ఫోన్ అవతలి మనిషి ఏ ఆటకూ ఒప్పుకోలేదు. రొక్కో కూతురు సొఫీయా, ప్రియుడితో రాత్రి గడపాలా వద్దా అన్న సంకోచంతో తండ్రికి ఫోన్ చేసి, తన మాటలు బల్లచుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపిస్తున్నాయని తెలియకుండానే సలహా అడుగుతుంది. తండ్రి ఇచ్చే మెత్తని, పెద్దమనసున్న జవాబు సినిమాలోని అత్యంత సుందరమైన ఘట్టం. అదే సమయంలో ఆ పిల్లకు జరిగిన అన్యాయం కూడా అక్కడే ఉంది.

ఈ చిక్కు న్యాయస్థానాలకూ కొత్తది కాదు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో, అది ఆమె గోప్యతా హక్కుకు భంగమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పదిహేనేళ్లకు పూర్వమే తేల్చింది. గోప్యత అంటే తన గురించిన ఏ సంగతి ఎవరికి, ఎంతవరకు తెలియాలో తానే నిర్ణయించుకోగలగడం. దాన్ని ప్రాథమిక హక్కుగా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. ఇంకోవైపు, దంపతుల మధ్య రహస్యంగా రికార్డయిన సంభాషణలను వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా స్వీకరించవచ్చని అదే న్యాయస్థానం 2025 జూలైలో తీర్పునిస్తూ, భార్యాభర్తలు ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే స్థితి వచ్చిందంటే ఆ బంధం అప్పటికే బీటలువారిందన్న భావం వ్యక్తం చేసింది. తెలుసుకోవాలన్న పట్టుదల నమ్మకం పోవడానికి కారణం కాదు, అది పోయిందనడానికి గుర్తు. భోజనాల బల్ల దగ్గర ఏవా ప్రతిపాదించిన ఆటలోనూ ఉన్నది ఇదే.

మోక్షం

అన్నీ బయటపడి, అన్ని బంధాలూ తెగాక, సినిమా తన ఆఖరి ఎత్తు వేస్తుంది. అతిథులు కిందికి దిగి వీధిలోకి వచ్చేసరికి చంద్రుడిమీద నీడ తొలగిపోయి ఉంటుంది. వాళ్లు హాయిగా నవ్వుకుంటూ, మరోసారి కలుద్దామనుకుంటూ వీడ్కోలు తీసుకుంటారు. ఆ ఆట అసలు జరగలేదు. రొక్కో దానికి ఒప్పుకోలేదు. మనుషులు సులువుగా పగిలిపోయేవాళ్లని అతనికి తెలుసు. ప్రేక్షకుడు చూసిందంతా ఆ ఆట జరిగి ఉంటే నడిచే రాత్రి.

ఈ ముగింపును తప్పించుకునే ఉపాయంగా చూసినవాళ్లు ఉన్నారు. కానీ జాగ్రత్తగా చూస్తే అది తప్పించుకోనివ్వని ముగింపు. కొజిమొ మోసం అలాగే కొనసాగుతుంది, బియాంక అదే ఆశతో ఇంటికి వెళుతుంది, రాత్రి పదింటి ఫొటోలు ఆగవు. ఆట ఆడితే సర్వనాశనం, ఆడకపోతే అబద్ధపు ప్రశాంతత అన్న రెండు దారులనూ పక్కపక్కన పెట్టి, ఏది మేలో చెప్పకుండా సినిమా ఆగిపోతుంది. బల్ల దగ్గర లేని ఎనిమిదో మనిషిగా అంతసేపూ విన్న ప్రేక్షకుడు, ఆ ఏడుగురి గుట్టునూ ఎరిగిన ఏకైక వ్యక్తిగా మిగిలి, తెలిసి కూడా ఏమీ చేయలేని స్థితి ఎలా ఉంటుందో అనుభవిస్తాడు.

మిగిలినవాళ్లకు మోక్షకాలం తిరిగి ఇచ్చింది తాము దాచుకోవాలనుకున్నదాన్నే. పెప్పె లెక్క వేరు. ఆట జరిగి ఉంటే అతను అవమానపడేవాడు, కానీ ఆ అవమానం తర్వాత తన పేరుతో తాను నిలబడేవాడు. స్వలింగ ప్రేమికుడన్న నిందను కొన్ని గంటలపాటు మోసిన లేలెకైనా అది ఎంత బరువో తెలిసేది. జరగని ఆటలో ఆ ఎరుక కూడా జరగలేదు. చంద్రబింబం నిండుగా వెలుగుతున్న రోమ్ వీధిలో, ఇంటిదగ్గర జ్వరంతో పడుకున్న ఒక కల్పిత స్నేహితురాలి క్షేమం గురించి మిత్రులు చెప్పే మంచిమాటలు మోసుకుంటూ వెళ్లే పెప్పెకు మాత్రం ఆ రాత్రి విడుపు లేదు.